నలభై ఒక్క నిమిషాలు

సేలా వైనికోలో తలుపు దగ్గర నిలబడి కార్డు గీస్తోంది. ఎర్ర దీపం వెలిగింది. కార్డుని చొక్కాకి తుడిచి మళ్ళీ గీసింది. మళ్ళీ ఎర్ర దీపమే. మూడేళ్ళుగా రోజూ తెరుచుకున్న తలుపు, జూలై రెండో తేదీ గురువారం ఉదయం ఎనిమిదీ నలభైకి ఆమె ఎవరో తెలియదంది.

"నా కార్డు పనిచేస్తుందిలే, రా," అన్నాను వెనక నుంచి.

ఆమె కదల్లేదు. "నేను లోపలికి రావచ్చో లేదోనండీ. నిన్న సాయంత్రం ఉత్తరం వచ్చింది. విచారణ అయ్యేదాకా రావద్దని."

"విచారణ చేసేది నేనే. నేనే రమ్మంటున్నాను."

నా పేరు నోరీన్ పెంగెల్లీ. వొలొంగాంగ్ చుట్టుపక్కల బొగ్గు గనుల్లో ఇరవై రెండేళ్ళు గ్యాస్ ఇన్‌స్పెక్టర్‌గా తిరిగాను. మోకాళ్ళు ఇక దిగలేమన్నాక ఈ పరిశోధనాలయం వాళ్ళు పిలిచి విచారణాధికారి కుర్చీ ఇచ్చారు. ఇక్కడ ఎవరూ ఎవరి పర్సూ కొట్టెయ్యరు. అంకెలు మారుస్తారు, లేదా మార్చారని ఒకళ్ళ మీద ఒకళ్ళు చెప్పుకుంటారు. రెండోదే ఎక్కువ.

కేసు చిన్నదే. బెల్‌బర్డ్ అనే కంపెనీ హైడ్రోజన్ నింపే ట్యాంకులు చేస్తుంది. ట్యాంకు లోపలి గోడకి ఒక పల్చటి పూత వేస్తారు. ఆ పూతలోంచి హైడ్రోజన్ బయటికి పోతుందా పోదా అన్నది, ట్యాంకు కట్టకముందే కంప్యూటర్‌లో ఒక్కొక్క పరమాణువునీ పేర్చి లెక్క కడతారు. హైడ్రోజన్ బయటికి పోవాలంటే పూతలో ఒక గడప దాటాలి. గడప ఎత్తు 0.50 దాటితే ట్యాంకు భద్రం. అంతకు తక్కువైతే కారుతుంది. మార్చిలో సేలా లెక్క కట్టి 0.33 అంది, ఈ పూత పనికిరాదని రాసింది. జూన్‌లో ఆమె పై అధికారి గ్రేమ్ హాడో అదే లెక్క మళ్ళీ కట్టి 0.61 అన్నాడు.

కంపెనీకి ఏ అంకె నచ్చిందో చెప్పక్కర్లేదు. వాళ్ళు డెస్మండ్ క్రెయిల్ అనే మాజీ పోలీసు డిటెక్టివ్‌ని పెట్టారు. సేలా కావాలనే తప్పుడు అంకె రాసిందని అతను మూడు రోజుల్లో తేల్చేశాడు. ఒంటిగంటకి కమిటీ ముందు నేను ఔననో కాదనో చెప్పాలి. ఔనంటే సేలా ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు ఈ దేశంలో ఉండే అనుమతీ పోతుంది. ఆపైన సొంత దేశం టోంగాలో కాదు కదా, ప్రపంచంలో ఎక్కడా ఆమె లెక్కని ఎవరూ నమ్మరు. మూడింటికి పోర్ట్ కెంబ్లా యార్డ్‌లో బెల్‌బర్డ్ మొదటి ట్యాంకు నింపుతుంది.

టీ గదిలో కూర్చోబెట్టి ఇద్దరికీ టీ కలిపాను. బల్ల మీద ఎప్పటిలాగే నెవిల్ ఓట్స్ కోళ్ళ గుడ్ల అట్టలు దొంతరగా ఉన్నాయి. నెవిల్ మా కంప్యూటర్లు చూసుకునే మనిషి. అతని ఇంటి వెనక కోళ్ళు పెట్టే గుడ్లలో సగం ఈ బిల్డింగ్‌లోనే ఖర్చవుతాయి.

"మార్చి ముప్పై, సోమవారం. ఆ రోజు ఏం చేశావో టైముతో సహా చెప్పు," అన్నాను.

మధ్యాహ్నం దాకా ఫైలు సరిచూసుకుందట. నాలుగూ అయిదుకి పెద్ద కంప్యూటర్‌కి లెక్క పంపిందట. ఆ పెద్ద కంప్యూటర్ మా ఒక్కళ్ళదీ కాదు. ప్రతి పరిశోధనాలయానికీ మూడు నెలలకి ఇన్ని గంటలని వాటా ఇస్తారు. వాడుకోని గంటలు మురిగిపోతాయి, వాడేసుకుంటే తర్వాతి మూడు నెలల దాకా నోరు మూసుకోవాలి. అందుకని క్వార్టర్ చివరి వారంలో పెళ్ళి భోజనాల ఆఖరి బంతిలాగా అందరూ ఒకేసారి ఎగబడతారు. సేలా కూడా ఎగబడింది.

"ఫలితం ఎప్పుడు చూశావు?"

"ఇంటికి పోతూ రైల్లో చూశానండీ. ఆరింటి రైలు. అప్పటికే వచ్చేసింది. క్యూ ఖాళీగా ఉందేమోలే అనుకున్నా. గండం గడిచింది కదాని సంతోషించా."

"జనవరిలో ఇలాంటి లెక్కే కట్టావుగా. దానికి ఎంతసేపు పట్టింది?"

"అయిదున్నర గంటలు."

"ఇది రెండు గంటల్లోపే ఎలా వచ్చింది?"

"చెప్పానుగా, క్యూ..." అంటూ ఆగిపోయింది.

"బస్సు తొందరగా దొరికితే ఊరు దగ్గరవదు కదమ్మా," అన్నాను.

ఆమె టీ కప్పుకేసి చూస్తూ ఉండిపోయింది. అబద్ధం చెప్పే వాళ్ళు ఇలాంటి చోట వెంటనే రెండో కథ ఎత్తుకుంటారు. ఈ పిల్ల దగ్గర రెండో కథ లేదు. నాకు ఆ మౌనం నచ్చింది కానీ నచ్చిందని చెప్పలేదు.

మార్చి పన్నెండున బెల్‌బర్డ్‌కి పోటీ కంపెనీ ఒకదానికి ఉద్యోగం కోసం ఉత్తరం రాసిన మాట నిజమేనా అని అడిగాను. నిజమే అంది. డిసెంబర్‌తో తన ఒప్పందం అయిపోతుందనీ, ఈ బిల్డింగ్‌లో ఒప్పందం మీద ఉన్న వాళ్ళలో అలాంటి ఉత్తరాలు రాయని వాళ్ళని ఒక్కరిని చూపించమనీ అంది. అదీ నిజమే.

"ఆ ట్యాంకు బిగించింది ఆరుగురు ఫిట్టర్లండీ," అంది. "పోయిన నెల పూత గురించి చెప్పడానికి వెళ్తే నాకు సాసేజ్ కాల్చి పెట్టారు. నా ఉద్యోగం సంగతి అటుంచండి. మూడింటికి వాళ్ళు ఆ వాల్వు తిప్పుతారు. నన్నెవరూ నమ్మకపోతే నేనే వెళ్ళి ఆ ట్యాంకు ముందు కూర్చుంటా. మీరు నమ్ముతున్నారా?"

"నేను నమ్మకాలు పెట్టుకోను. లెక్కలు చూస్తాను," అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం నేర్పిన మాట అది, నోటికి అలవాటైపోయింది. ఆమె తలూపి కిటికీ వైపు తిరిగింది.

తొమ్మిదింపావుకి సేలా బల్ల దగ్గరికి వెళ్ళాను. చుట్టూ పసుపు పట్టీ కట్టి ఉంది. పట్టీ లోపల ఆమె కుర్చీలోనే క్రెయిల్ కూర్చుని కాఫీ తాగుతున్నాడు. పన్నెండేళ్ళ కిందట ఒక గని ప్రమాదం విచారణలో ఇద్దరం ఎదురుపడ్డాం. ఎవరో కూలీ సిగరెట్ వెలిగించాడని అతనన్నాడు. చూరుకింద గ్యాస్ పొరలా పేరుకుందనీ, గ్యాస్ మీటరు నడుం ఎత్తున కట్టడం వల్ల అది సున్నా చూపించిందనీ నేనన్నాను. నా మాటే నిలబడింది. అది అతను మరిచిపోలేదు. నేనూ మరిచిపోనివ్వలేదు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు, నోరీన్? ఆమె బాసే తప్పన్నాడు. సంతకం పెట్టెయ్. ఒంటిగంటకల్లా భోజనానికి పోదాం," అన్నాడు.

"నువ్వు పో. మీట్ పై దొరికితే నాకూ ఒకటి తెచ్చిపెట్టు."

"ఆ అమ్మాయి ఏడ్చిందా?"

"లేదు. నువ్వేం పట్టుకున్నావో చూపించు."

రెండు కాగితాల కట్టలు నా ముందుకి తోశాడు. ఒకటి సేలా కంప్యూటర్‌కి పంపిన ఫైలు, రెండోది హాడో పంపినది. తన మనిషి అక్షరం అక్షరం పోల్చాడట, రెండూ ఒకటేనట. "ఒకే ప్రశ్న, ఒకే యంత్రం, రెండు జవాబులు. యంత్రానికి అబద్ధం చెప్పే అవసరం లేదు. హాడోకి లేదు. మిగిలిందెవరు?" అన్నాడు.

"అక్షరం అక్షరం ఒకటేనా?"

"ఒక్క వరస తేడా. అది లెక్కలోకి రాదు."

"లెక్కలోకి రాదని ఎవరు చెప్పారు?"

"హాడో."

అదీ డెస్మండ్ పద్ధతి. సాక్షిని అడిగి సాక్ష్యాన్ని పక్కన పెడతాడు. నేను ఆ వరస చదివాను. పరమాణువులన్నిటినీ ఒకేసారి కాస్త పక్కకి జరపమని ఉంది, అంతే.

హాడో అడిలైడ్‌లో ఏదో సమావేశంలో ఉన్నాడు. ఫోన్ చేశాను. విసుక్కోకుండానే జవాబు చెప్పాడు. మొత్తం స్ఫటికాన్ని జరిపితే ఏమీ మారదట. భోజనాల బల్ల ఈ మూల నుంచి ఆ మూలకి లాగితే కూర రుచి మారదు కదా అన్నాడు. మరి ఎందుకు జరిపారు అంటే, బొమ్మ తీసినప్పుడు స్ఫటికం పెట్టె నడుమన ఉంటే చూడ్డానికి బావుంటుందన్నాడు. నివేదికలో ఆ సంగతి రాయలేదేమని అడిగాను. అందరూ చేసేదే, రాయడానికేముంది అన్నాడు. గనుల్లోనూ అంతే. అందరూ చేసే పని ఏ పుస్తకంలోనూ ఉండదు, ప్రమాదం జరిగాకే బయటపడుతుంది.

ఫోన్ పెట్టేసి క్రెయిల్ని అడిగాను. "ప్రశ్నలు పోల్చావు సరే. జవాబు ఫైళ్ళు తెరిచావా?"

"ఆఖరి అంకె చూశాను."

"మొదటి పేజీ?"

"రెండువేల వరసలున్నాయి నోరీన్. ఆఖరి అంకె చాలు."

సేలా కంప్యూటర్ అతనే తెరిచి పెట్టుకున్నాడు కాబట్టి నాకు శ్రమ తప్పింది. మార్చి ముప్పై నాటి జవాబు ఫైలు మొదటి పేజీ తీశాను. మొదలు: 16.05. ముగింపు: 16.46. నలభై ఒక్క నిమిషాలు. హాడో జూన్ ఇరవై ఆరు నాటి ఫైలు తీశాను. మొదలు 14.10, ముగింపు 14.51. అక్కడా నలభై ఒక్క నిమిషాలే.

దాని కింద మూడు అంకెలున్నాయి. 48, 48, 60. అవేమిటో నాకు తెలియదు కానీ, ప్రశ్న ఫైల్లో అదే చోట 96, 96, 120 అని ఉండటం తెలుసు. వేళ్ళతో లెక్కపెట్టుకున్నాను. మూడు వైపులా సగానికి సగం తగ్గిస్తే పని ఎనిమిదో వంతు అవుతుంది. నలభై ఒకటిని ఎనిమిదితో హెచ్చవేస్తే మూడువందల ఇరవై ఎనిమిది నిమిషాలు, అంటే అయిదు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలు. సేలా చెప్పిన అయిదున్నర గంటలు అవే.

"ఇద్దరూ అడిగిందొకటి, యంత్రం చేసిందొకటి," అన్నాను.

క్రెయిల్ ముందుకి వంగి చూశాడు. తెలివితక్కువ మనిషి కాదు, తొందర మనిషి. "ఐతే మధ్యలో ఎవరో మార్చారు. ఆ అమ్మాయే మార్చి ఉండొచ్చుగా? జూన్ ఇరవై ఆరుకి ఆమె కార్డు పనిచేస్తూనే ఉంది."

"ఉండొచ్చు. కనుక్కుందాం పద."

నెవిల్ ఓట్స్ కింది అంతస్తులో, చలికాలంలో కూడా మేజోళ్ళ మీద చెప్పులేసుకుని కూర్చుంటాడు. వయసు అరవై మూడు. ఆ గదిలోకి వెళ్తే ముందు కోళ్ళ క్షేమసమాచారాలు వినాలి. ఈ పూట నేను వినలేదు.

"ఈ అంకెలు ఎవరు తగ్గించారు నెవిల్?"

"ఏ రోజు?"

"మార్చి ముప్పై. జూన్ ఇరవై ఆరు."

అతను గోడమీద క్యాలెండర్ చూశాడు. "రెండూ క్వార్టర్ చివర్లే," అన్నాడు. తర్వాత చేతిలో కప్పు బల్ల మీద పెట్టాడు. "ఐతే నేనే."

క్రెయిల్ నోట్‌బుక్ తీశాడు. నెవిల్ దాచుకోకుండా చెప్పాడు. ఆరేళ్ళ కిందట క్వార్టర్ చివర్లో గంటలు అయిపోయి అందరి లెక్కలూ సగంలో చచ్చిపోతుంటే అప్పటి డైరెక్టర్ గొడవ చేశాడట. అప్పుడు నెవిల్ ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి పెట్టాడు. వాటాలో నూటికి అయిదు గంటలకన్నా తక్కువ మిగిలితే, వచ్చిన ప్రతి లెక్కలోనూ యంత్రం చోటుని పంచుకునే గళ్ళ సంఖ్య, అంటే ఆ 96, 96, 120, సగానికి తగ్గించేస్తుంది. కూర దించేముందు ఉప్పు చూసుకున్నట్టు, ఉజ్జాయింపు లెక్కలకి అది చాలని అతని ఉద్దేశం.

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పకపోవడమేంటి? కంప్యూటర్ తెరవగానే వచ్చే నోటీసులో ఆరేళ్ళుగా ఉంది. మూడు వరసలు."

"ఎవరూ చదవలేదన్నమాట."

"అదే నోటీసులో గుడ్లొచ్చాయని పెడితే పది నిమిషాల్లో అట్టలు ఖాళీ."

మార్చేసిన చెయ్యి దొరికింది, దాని వెనక దురుద్దేశం లేదు. కానీ అసలు ముడి ఇంకా వీడలేదు. క్రెయిల్ ఆ ముడి మీదే వేలు పెట్టాడు. "గళ్ళు తగ్గితే లెక్క మోటుగా వస్తుంది, ఒప్పుకుంటా. కానీ ఇద్దరికీ ఒకేలా తగ్గాయి కదా? ఇద్దరికీ ఒకే మోటు జవాబు రావాలి. ఒకరికి 0.33, ఇంకొకరికి 0.61 ఎలా వచ్చాయి?"

మంచి ప్రశ్న. ఆ మాట అతనితోనే అన్నాను. పన్నెండేళ్ళలో నేను అతన్ని మెచ్చుకోవడం అదే మొదలు.

నెవిల్ ఒక ఖాళీ గుడ్ల అట్టని వెల్లకిలా బల్లమీద పెట్టాడు. సొరుగులోంచి ఒక గోళీ తీశాడు. ముందు గోళీని బల్లమీద దొర్లించాడు, అది తిన్నగా పోయింది. "ఖాళీ చోటంటే నిజానికి ఇలా ఉంటుంది. చదునుగా. పరమాణువుని ఎక్కడ పెట్టినా దాని శక్తి మారదు. హాడో చెప్పింది దీని గురించే," అన్నాడు.

తర్వాత గోళీని అట్ట మీద పెట్టి వేలితో నెట్టుకుంటూ పోయాడు. గుంటలోకి దిగింది, గట్టెక్కింది, మళ్ళీ దిగింది.

"యంత్రం చోటునంతా చూడలేదు. గళ్ళు గీసుకుని, గీతలు కలిసే చోట మాత్రమే చూస్తుంది. గళ్ళు చిన్నవైతే ఇబ్బంది లేదు, బల్ల బల్లలాగే కనిపిస్తుంది. గళ్ళు తగ్గి పెద్దవైతే బల్ల కాస్తా ఈ అట్టయి కూర్చుంటుంది. పరమాణువు గీతలు కలిసే చోట కూర్చుంటే ఒక అంకె, గడి మధ్యలో కూర్చుంటే ఇంకో అంకె. ఈ గుంటలూ గట్లూ పూతలో లేవు. మనం పెట్టినవే."

"హాడో ఎంత జరిపాడు?" అన్నాను.

నెవిల్ కాగితం మీద భాగించాడు. "ఏడున్నర గళ్ళు."

ఏడు గళ్ళు జరిపితే ఫరవాలేదు, గుంటలోంచి ఇంకో గుంటలోకే పడుతుంది. ఆ అర గడి కొంప ముంచింది. సేలా లెక్కలో హైడ్రోజన్ బయల్దేరే చోటు గట్టు మీద పడింది, గడప పైభాగం గుంటలో పడింది. అందుకని గడప పొట్టిగా కనిపించింది. హాడో అర గడి జరిపేసరికి గుంట గట్టయింది, గట్టు గుంటయింది, గడప పొడుగైంది. బల్ల జరిపితే కూర రుచి మారదన్నాడు. అతను జరిపింది బల్లని కాదు, గుడ్ల అట్ట మీద గోళీని.

క్రెయిల్ మాటలతో ఒప్పుకునే రకం కాదు. ఋజువు అడిగాడు. నెవిల్ ఒక ఖాళీ పెట్టెలో ఒకే ఒక ఆక్సిజన్ పరమాణువుని పెట్టాడు. చుట్టూ ఇంకేమీ లేదు. దాన్ని పది చిన్న అడుగులు జరిపించి, అడుగడుక్కీ శక్తి లెక్క కట్టించాడు. ఆరు నిమిషాలు పట్టింది. పెద్ద గళ్ళతో వచ్చిన గీత అట్టలాగే ఎగుడుదిగుడుగా వచ్చింది. చిన్న గళ్ళతో వచ్చిన గీత స్కేలుతో గీసినట్టుంది. క్రెయిల్ రెండు గీతల్నీ మార్చి మార్చి చూశాడు. అతని కాఫీ చల్లారిపోయింది.

"అసలు జవాబు ఎంత?" అని అడిగాడు.

అది తెలియాలంటే మొత్తం లెక్క సరైన గళ్ళతో మళ్ళీ కట్టాలి. జూలై రెండు కాబట్టి కొత్త వాటా నిండుగా ఉంది. నాలుగింతల ప్రాసెసర్లు పెడితే గంటన్నరలో తేలుతుందన్నాడు నెవిల్. సేలా పెట్టిన చోట ఒకటి, హాడో జరిపిన చోట ఒకటి, రెండూ పదీ ఇరవై అయిదుకి మొదలుపెట్టాడు.

ఈ కబురు చెబుదామని టీ గదికి వెళ్ళాను. సేలా లేదు. ఆమె కప్పు కడిగి, గుడ్డమీద బోర్లించి ఉంది. బీచ్ వైపు నడవడానికి వెళ్ళి ఉంటుందనుకున్నాను. రెండుసార్లు ఫోన్ చేశాను, తీయలేదు. నేను ఆ పిల్లకి చెప్పిన ఆఖరి మాట గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

పదకొండూ యాభై ఎనిమిదికి రెండు జవాబులూ వచ్చాయి. సేలా చోట 0.47. హాడో చోట 0.47.

నెవిల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎన్ని క్వార్టర్లు, ఎంతమంది, ఎన్ని లెక్కలు అని అతను మనసులో లెక్కపెట్టుకుంటున్నట్టు కనబడుతూనే ఉంది. జాలేసింది. తిలా పాపం తలా పిడికెడు. ఒకడు గళ్ళు తగ్గించాడు, ఒకడు రాయకుండా జరిపాడు, ఆ పిల్ల టైము చూసుకోలేదు. అబద్ధం మాత్రం ఒక్కరూ ఆడలేదు.

క్రెయిల్ తన నివేదిక తెరిచి, 'ఉద్దేశపూర్వకంగా' అన్న మాట మీద అడ్డంగా గీత కొట్టాడు. కింద తారీఖు వేసి సంతకం పెట్టాడు. అతని మీద నాకున్న పాత కోపంలో సగం ఆ గీతతోనే పోయింది.

"ఇద్దరూ తప్పే, ఇద్దరూ నిజాయితీపరులే. కమిటీకి ఇదే చెప్పు, నేనూ పక్కనే ఉంటా," అన్నాడు. పెన్ను జేబులో పెట్టుకోబోతూ ఆగాడు. "నోరీన్, గడప ఎంత ఉండాలన్నావు?"

"0.50."

"ఇది 0.47."

అంకె తప్పయినా ఆ పిల్ల చెప్పిన మాట తప్పు కాదు. ఆ పూత కారుతుంది. హాడో అంకెని నమ్మి ఎంత కారుతుందనుకున్నారో దానికి ఎన్నింతలు కారుతుందని నెవిల్‌ని అడిగాను. అతను తలెత్తకుండా, రెండొందల రెట్లు పైనే అన్నాడు.

"మూడు గంటల టైముంది. ఆపేద్దాం," అని క్రెయిల్ యార్డ్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. గేటు కాపలాదారు లెస్ ఎత్తాడు. ట్యాంకు నింపడం ఆపమని క్రెయిల్ చెప్పాడు.

"ఇప్పుడు చెబితే ఎలా సార్? మధ్యాహ్నం పెనుగాలి ఉందని పదిన్నరకే మొదలెట్టేశారుగా," అన్నాడు లెస్. "గాలికని షెడ్డు తలుపులు కూడా మూసేశాం."

గడియారం పన్నెండూ మూడు చూపిస్తోంది. గంటన్నర అయింది. నేను ఫోన్ దగ్గరికి జరిగాను. "లెస్, లోపల గ్యాస్ మీటరు ఉందా? ఎంత చూపిస్తోంది?"

"సున్నా అమ్మా. ఇప్పుడే చూశా."

"ఎక్కడ కట్టారు దాన్ని?"

"తలుపు పక్కన. కళ్ళకి ఎదురుగా ఉండేట్టు కట్టాం, చూడ్డానికి వీలుగా."

క్రెయిల్ నా ముఖంలోకి చూశాడు. పన్నెండేళ్ళ కిందట నేను బోర్డు మీద గీసి చూపించిన చూరు అతనికీ గుర్తొచ్చింది. హైడ్రోజన్ గని గ్యాస్‌కన్నా తేలిక. అది తలుపు పక్కన ఉండదు. పైకప్పు కిందే ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు దానికి.

"మీరన్నట్టే అంటోంది ఆ పిల్ల కూడా," అన్నాడు లెస్. "ఒక గంటయింది వచ్చి. ముందు ట్యాంకు ముందు కింద కూర్చుంది, చేతిలో కాగితాలు. కాసేపు పైకప్పు వంక చూసింది. ఇప్పుడేమో ఫిట్టర్లందర్నీ బయటికి పంపించేసి, తనొక్కతే లోపల ఉండి చూరు కిటికీల గొలుసు లాగుతోంది. తుప్పు పట్టి అది కదలట్లేదు. మేనేజరేమో పోలీసుల్ని పిలిచి బయటికి ఈడ్పించమంటున్నాడు. ఏం చెయ్యమంటారు సార్?"

క్రెయిల్ ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకున్నాడు. గొంతు పెంచలేదు. "విను లెస్. లోపలున్నావిడ డాక్టర్ సేలా వైనికోలో. ఆవిడ చెప్పిందే నిజం. ఆవిడ ఏం చెబితే అది చెయ్యండి, మేనేజర్‌తో సహా. అక్కడ ఎవరూ ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు."

పొద్దుటి నుంచీ 'ఆ అమ్మాయి' అంటున్న నోటితో అతను ఆమె పేరు పలకడం అదే మొదటిసారి. ఆ పేరు ఆమె వినడం లేదే అని నాకు బాధేసింది.

"ఆవిడా అదే అంది సార్, స్విచ్చులు వద్దని," అన్నాడు లెస్. అతని గొంతు మారింది. "కానీ గాలి ఆడాలంటే ఫ్యాన్లు వేస్తే పోలా అని మేనేజర్ ఇప్పుడే బోర్డు గదికి వెళ్ళాడు."

"ఎంత దూరం?"

"యాభై అడుగులు."

"పరిగెత్తు," అన్నాడు క్రెయిల్.

లెస్ ఫోన్ పెట్టెయ్యలేదు. దాన్ని బల్ల మీద పడేసి వెళ్ళాడు. కంకర మీద అతని బూట్ల చప్పుడు, దాని వెనక ఎక్కడో తుప్పు పట్టిన గొలుసు ఆగి ఆగి కిర్రుమంటున్న చప్పుడు, ముగ్గురం నిలబడి వింటున్నాం.